భయం తగ్గిందనుకున్నాం, అది అలవాట్లలో ఉండిపోయింది

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ మధ్య మీ ఆదివారం పేజీల్లో నిద్ర పట్టకపోవడం గురించి ఒక వ్యాసం చదివాను. పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టమనీ, సాయంత్రం దాటాక కాఫీ తాగొద్దనీ, గోరువెచ్చని పాలు తాగమనీ రాశారు. మంచి సలహాలే. నేను కావలిలో ముప్పై ఏళ్లకు పైగా మెడికల్ షాపు నడుపుతున్నాను. ఉదయగిరి వైపు మెట్ట పల్లెల నుంచి, ఇటు సముద్రం పక్కన జాలర్లుండే పట్టపుపాళేల నుంచి మా షాపుకు జనం వస్తారు. నిద్రకు మాత్ర ఇవ్వమని అడిగినవాళ్లను "ఎప్పటి నుంచి పట్టడం లేదు?" అని అడుగుతాను. ఎక్కువ మంది చెప్పే జవాబు ఒకటే: "కరోనా అప్పటి నుంచన్నా." మీ వ్యాసంలో ఆ మాట కనపడలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైంది, అయినా కుదించకుండా వేస్తారని ఆశ.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. మాస్కులు తీసేశాం, పెళ్లిళ్లకు వెయ్యి మందిని పిలుస్తున్నాం. పైకి అంతా మామూలే. కానీ ఆ రెండేళ్లలో ఇంటింటా మారిన అలవాట్లు చాలావరకు అలాగే ఉండిపోయాయి. కొన్ని మనుషులను లోపలి నుంచి కుంగదీస్తున్నాయి. వాళ్లు మాత్రం దాన్ని గ్యాస్ అనో, బీపీ అనో, నీరసం అనో చెప్పుకుని నా దగ్గరికి వస్తున్నారు. నేను డాక్టర్‌ను కాను. కౌంటర్ ఇవతల నిలబడి చూసిందే రాస్తున్నాను. మనుషులు గుర్తుపట్టకుండా ఊళ్లు, వయసులు కొంచెం మార్చాను.

రాష్ట్రంలో మొదటి కేసు మన నెల్లూరులోనే తేలింది, 2020 మార్చి 12న. ఆ సాయంత్రానికే మా షాపులో మాస్కులు అయిపోయాయి. లాక్‌డౌన్ వచ్చాక ఊరంతా మూతపడినా మందుల షాపులు తెరవాలి గనక ముందు తాడు కట్టి, సున్నంతో వలయాలు గీసి అమ్మాం. ఏప్రిల్‌లో ఇంకో ఆదేశం వచ్చింది. జ్వరం, దగ్గు, జలుబు మందులు చీటీ లేకుండా కొన్నవాళ్ల పేరు, ఫోన్ నంబరు రాసి అధికారులకు పంపాలి. రోగం ఎక్కడుందో పట్టుకోవడానికి అది అవసరమే, కాదనను. దాంతోపాటు ఒకటి జరిగింది. పారాసెటమాల్ అడగడానికి కూడా మనుషులు భయపడ్డారు. పేరు రాయించుకుంటే ఇంటికి అంబులెన్స్ వస్తుందని, వీధికి కర్రలు కడతారని, పక్కవాళ్లు మాట్లాడరని భయం. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి వంగి, గొంతు తగ్గించి, "మా బావమరిదికి జ్వరంగా ఉండాదంట" అనేవాడు. ఒంట్లో బాగాలేదంటే దాచుకోవాలన్నది అప్పుడు బాగా నేర్చుకున్నాం. ఇప్పుడు మనసు బాగాలేనివాళ్లు కూడా అదే గొంతుతో, అదే బావమరిది పేరు చెప్పి అడుగుతున్నారు.

2021 మే నెల గుర్తుందా? మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ. ఆ నెలలోనే కృష్ణపట్నానికి, కరోనాకు ఆనందయ్య గారు ఇచ్చే నాటు మందు కోసం జనం వేలల్లో కదిలారు. వేరే రాష్ట్రాల నుంచి కూడా వచ్చారు, అంబులెన్సుల్లో ఆక్సిజన్ పెట్టుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ మందు పనిచేసిందా లేదా అన్న వాదన నాకిప్పుడు అక్కర్లేదు. ఆ క్యూలో నిలబడిన మనుషుల ముఖాల్లో ఉన్న భయం గురించే చెబుతున్నాను. కేసులు తగ్గాయి, క్యూలు పోయాయి. అంత భయం ఎక్కడికి పోయింది? ఎవరూ అడగలేదు. అది ఎక్కడికీ పోలేదనీ, రోజువారీ పనుల్లోకి దూరి కూర్చుందనీ నేను అనుకుంటున్నాను.

ఒక ఇల్లాలి సంగతి చెబుతాను. చేతులు పగిలాయని ఆయింట్‌మెంట్ కోసం వచ్చేది. ఒక ట్యూబు వారం కూడా రావడం లేదంది. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా పొక్కిపోయి, గీతల వెంట రక్తం కనబడుతోంది. సర్ఫ్ నీళ్లలో ఎక్కువసేపు పనిచేస్తారా అని అడిగాను. అప్పుడు చెప్పింది. పాల ప్యాకెట్‌ను ఇప్పటికీ సబ్బుతో కడుగుతుంది. కూరగాయలు ఉప్పునీళ్లలో వేస్తుంది. భర్త బయటి నుంచి వస్తే వాకిట్లోనే స్నానం చేసి లోపలికి రావాలి. నోట్లు ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి, కడిగాక కుళాయి ముట్టుకున్నానని మళ్లీ కడుక్కోవాలి. 2020లో ఇదంతా టీవీలో చెప్పిందే. ఇరవై సెకన్లు కడగమన్నారు, కడిగింది. ఆగమని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంట్లో వాళ్లు "మా అమ్మకు మడి ఎక్కువ" అని తేల్చేశారు. మన దగ్గర మడి అనగానే గౌరవమే, ఇక దాన్ని జబ్బని ఎవరు అనుకుంటారు? ఆమె మాత్రం నాతో, "కడక్కపోతే గుండె దడదడలాడతాదన్నా, కడిగితే కాసేపు తగ్గతాది" అంది. ఆ ఒక్క మాటలోనే జబ్బంతా ఉంది. దడ వస్తుంది, కడుగుతారు, తగ్గుతుంది. తగ్గింది కాబట్టి మళ్లీ కడుగుతారు. దీనికి డాక్టర్లు ఓసీడీ అంటారు. మందు ఉంది, మాటలతో చేసే చికిత్స ఉంది, తగ్గుతుంది. ఆయింట్‌మెంట్ దీనికి మందు కాదని చెప్పి, నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులను చూడమన్నాను. "పిచ్చి డాక్టర్ దగ్గరికా?" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఒప్పించడానికి చాలా రోజులు పట్టింది. చివరికి వెళ్లింది. చేతులిప్పుడు మెల్లగా మానుతున్నాయి.

ఇంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది పలకరింపులు పోవడం.

మన జిల్లాల్లో ఎవరైనా పోతే తెలిసినవాళ్లంతా పలకరింపుకు పోతారు. ఏమీ మాట్లాడనక్కర్లేదు, చాప మీద కాసేపు కూర్చుంటే చాలు. పోయినాయన గురించి ఇంట్లోవాళ్లు మొదటి నుంచి చెబుతారు. ఎప్పుడు ఆయాసం వచ్చింది, చివరిసారి ఏం తిన్నాడు, ఏం అన్నాడు. వచ్చినవాళ్లకల్లా అదే కథ మళ్లీ చెబుతారు. పదిమందికి చెప్పేసరికి వాళ్ల గొంతు కొంచెం నిలబడుతుంది. ఉత్తరక్రియల నాటికి ఇంట్లోవాళ్లు కాస్త అన్నం తింటారు. ఎవరు కనిపెట్టారో గానీ ఇది గొప్ప వైద్యం. 2020, 2021లో పోయినవాళ్ల ఇళ్లకు ఇది అందలేదు. శవాన్ని కవర్లో చుట్టి ఇచ్చారు, కొందరికి అదీ లేదు. నలుగురితో కార్యక్రమం ముగించారు. ఇంటి తలుపు ఎవరూ తట్టలేదు.

సెకండ్ వేవ్‌లో భర్త పోయిన ఒకామె నెలకోసారి షుగర్ మందులకు వస్తుంది. ఆయన పోయినప్పుడు ఆమె కూడా పాజిటివ్, వేరే గదిలో ఉంది. ముఖం చూడలేదు. కొడుకు బెంగళూరులో ఇరుక్కుపోయాడు. ఒకరోజు షాపులో రద్దీ లేదు. "అక్కా, బావకు అసలు ఏమైంది?" అని ఊరికే అడిగాను. ఆమె నిలబడే చెప్పడం మొదలుపెట్టింది. నేను స్టూలు వేశాను. ఆక్సీమీటర్‌లో అంకె 94 నుంచి 91కి, 88కి ఎలా దిగిందో గంటగంటకూ చెప్పింది. ఆయన కారు ఎక్కేటప్పుడు "కయ్యలో నీళ్లు ఆపమని చెప్పు" అన్నాడట, పొలం గురించి అన్న అదే చివరి మాట. అన్నీ చెప్పి, "ఇన్నాళ్లకు నన్ను ఇది అడిగినోడివి నువ్వే" అంది. అప్పటికి ఆయన పోయి మూడేళ్లు దాటింది. ఈ ఊళ్లో ఆమెకు చుట్టాలు లేక కాదు. అప్పుడు రాలేనివాళ్లు తర్వాత రావడానికి మొహమాటపడ్డారు. ఇప్పుడు పోతే గాయం రేపినట్టవుతుందేమోనని ఆగిపోయారు. ఆమెకేమో ఎవరికీ పట్టలేదనిపించింది.

నా బాధ ఏమిటంటే ఆ అలవాటు అక్కడితో ఆగలేదు. ఇప్పుడు దారులన్నీ తెరిచే ఉన్నాయి, అయినా పలకరింపుకు పోయేవాళ్లు తగ్గారు. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతారు, కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు, "ఓం శాంతి"లు. అరగంటలో అదే గ్రూపులో పుట్టినరోజు కేకు. పోయినవాడి భార్య ఆ ఫోన్ చూసుకుంటూ ఒక్కతే కూర్చుని ఉంటుంది. మన నెల్లూరు వీధుల్లో పెరిగిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబర్ 25న పోతే ఊరు ఊరంతా ఎవరింట్లో వాళ్లు టీవీ ముందు కూర్చుని ఏడ్చాం. అప్పుడు తప్పలేదు. ఇప్పుడు ఏం తప్పదని?

ఇక ముసలివాళ్ల సంగతి. మా షాపు పక్కన ఒక చెక్క బల్ల ఉండేది. సాయంత్రం ఆరుకు నలుగురైదుగురు పెద్దవాళ్లు వచ్చేవాళ్లు. ఒకాయన పేపరు పైకి చదివేవాడు, కళ్లు కనపడని ఇంకొకాయన ప్రతి వార్తకూ ఒక వ్యాఖ్య చేసేవాడు. మీ పేపరే అది. 2020లో పేపరు మీద వైరస్ ఉంటుందని పుకారు లేచి చాలామంది పేపరు మాన్పించారు, మీకు తెలియనిది కాదు. బల్ల కూడా తీసేయమన్నారు, తీసేశాం. తర్వాత ఆ పెద్దవాళ్ల పిల్లలు ప్రేమతోనే ఒక పని చేశారు. హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో ఫోన్లో మందులు ఆర్డర్ పెట్టి ఇంటికి తెప్పించడం మొదలుపెట్టారు. నా వ్యాపారం పోయిందని చెప్పడం లేదు, పోయిన కొంచెం వేరే దారిలో వచ్చింది. ఆ పెద్దాయనకు చొక్కా వేసుకుని బయటికి రావడానికి ఉన్న ఒక్క కారణం పోయింది. బీపీ మాత్ర గుమ్మంలోకి వస్తుంది. పేపరు లేదు, బల్ల లేదు, వ్యాఖ్య చేసే మిత్రుడు లేడు. మంచం, టీవీ మిగిలాయి. ఆర్నెల్లకు కోడలు వచ్చి, "మామయ్య అస్తమానం విసుక్కుంటున్నాడు, రాత్రంతా తిరుగుతాడు, ఏదైనా మాత్ర ఉందా?" అని అడుగుతుంది. పగలంతా పడుకుని, ఎండ ముఖం చూడకుండా, నాలుగడుగులు వేయకుండా ఉన్న మనిషికి రాత్రి నిద్ర ఎలా వస్తుంది? పొద్దుటి వెలుతురు కంటికి తగిలితేనే ఒంట్లోని గడియారం సరిగ్గా తిరుగుతుందని డాక్టర్లందరూ చెబుతారు.

రైళ్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. అరవై దాటిన మగవాళ్లకు 40 శాతం, 58 దాటిన ఆడవాళ్లకు 50 శాతం టికెట్టులో రాయితీ ఉండేది. జనం ప్రయాణాలు తగ్గించాలని 2020 మార్చి 20 నుంచి దాన్ని ఆపేశారు. రోగం పోయింది, రాయితీ ఇంతవరకు రాలేదు. పాసింజర్ బండ్లకు ఎక్స్‌ప్రెస్ చార్జీ పెట్టి, పది రూపాయల కనీస టికెట్టును ముప్పై చేశారు. అది 2024 ఫిబ్రవరిలో గానీ తగ్గలేదు. బిట్రగుంటలో, ఉలవపాడులో, సింగరాయకొండలో ఉండే పెద్దవాళ్లకు ఆ బండ్లే లోకం. కూతురింటికి, గూడూరులో తమ్ముడింటికి, శ్రీకాళహస్తికి, ఊరికే ఒకసారి ఒంగోలుకు. నాలుగేళ్లు ప్రయాణం మానేసిన మనిషి చార్జీ తగ్గించగానే లేచి బయల్దేరడు. ఒంటరిగా బండి ఎక్కాలంటే భయం పట్టుకుని ఉంటుంది. రైల్వే లెక్కల్లో అది మిగులు కావచ్చు. మా కౌంటర్ మీద అది దడగా, దిగులుగా కనబడుతోంది.

చదువుకునే పిల్లల గురించి మీరు చాలానే రాస్తున్నారు, ఎక్కువ చెప్పను. 2020లో, 2021లో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. ఆ పిల్లలకు పాఠం పేరుతో చేతికిచ్చిన ఫోన్‌ను మళ్లీ తీసుకోవడం ఏ తల్లికీ చేతకాలేదు. ఇంటి నుంచి పని చేసే కుర్రాళ్లది మాత్రం ఎవరూ పట్టించుకోని సంగతి. లాక్‌డౌన్‌లో సొంత ఊరికొచ్చి మేడ మీద గదిలో పని మొదలుపెట్టి, అక్కడే ఉండిపోయినవాళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు. అమెరికా వేళలకు రాత్రి పని, పగలు తలుపేసుకుని నిద్ర. బిడ్డ కళ్లముందున్నాడని తల్లిదండ్రులకు సంతోషం. ఆ బిడ్డ మాట్లాడే మనుషులు కంప్యూటర్లోనే ఉన్నారు. ఊళ్లో చిన్ననాటి స్నేహితులు లేరు, ఉన్నా వాళ్లు నిద్రపోయే వేళకు ఇతనికి డ్యూటీ. అలాంటి ఒకబ్బాయి గుండెపోటని భయపడి రెండుసార్లు ఈసీజీ తీయించుకున్నాడు. రెండూ నార్మల్. చెమట, దడ, ఊపిరి అందకపోవడం, చచ్చిపోతానేమోనన్న భయం, పది పదిహేను నిమిషాల్లో తగ్గిపోవడం. దీన్ని పానిక్ ఎటాక్ అంటారని ఎవరో డాక్టర్ చెప్పాకే అతనికి ధైర్యం వచ్చింది. ఇప్పుడు సాయంత్రం డ్యూటీకి ముందు తుమ్మలపెంట బీచ్ దాకా బండి మీద పోయి నడిచి వస్తున్నాడు. మందు కూడా వాడుతున్నాడు. రెండూ కావాలి.

కురిచేడును మరిచిపోయాం. 2020 జూలై చివర్లో మన పక్కనే ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. కేసుల వల్ల అక్కడ మద్యం దుకాణాలు మూసేశారు. అంతకుముందు మే నెలలో రాష్ట్రంలో మద్యం ధరలు 75 శాతం పెంచి ఉన్నారు. "తాగుబోతులు, అలాగే కావాలి" అన్నవాళ్లు నా షాపు ముందే ఉన్నారు. నాకు ఆ మాట ఇప్పటికీ కష్టంగానే ఉంది. అప్పుడు నా అల్మారా నిండా శానిటైజర్లే. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా మద్యం ఆపితే చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, నిద్ర ఉండదు, రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు. అది పొగరు కాదు, వైద్యం కావాల్సిన స్థితి. ఆసుపత్రిలో చేర్చి కొద్దిరోజుల మందులతో దాటించగలరు. దుకాణం మూసినరోజే ఆ వైద్యం ఎక్కడ దొరుకుతుందో చెప్పి ఉంటే కొందరైనా బతికేవాళ్లు. ఆ రోజుల్లో ఒంటరితనానికి, పనిలేకపోవడానికి తాగుడు పెంచుకుని ఇంకా దిగిరానివాళ్లు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన మాట, తోటి షాపులవాళ్లకు కోపం వచ్చినా చెప్పాలి. ఆల్ప్రజోలం, జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్రలు 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన మందుల జాబితాలో ఉన్నాయి. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఎవరు రాశారు, ఎవరికిచ్చాం, ఎన్నిచ్చాం అన్నది విడి రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. మా దగ్గరికి వచ్చే చీటీలు ఎలా ఉంటాయో తెలుసా? మడతల దగ్గర చిరిగి, సెల్లోటేపు వేసి, తేదీ చెరిగిపోయి ఉంటాయి. పది రోజులకని ఎప్పుడో రాసిచ్చిన మాత్రను ఏళ్ల తరబడి వాడుతున్నారు. రోజూ వాడితే కొన్ని వారాల్లోనే ఒళ్లు దానికి అలవాటుపడుతుంది, ఒకటి చాలక రెండు కావాలనిపిస్తుంది. పెద్దవాళ్లు రాత్రి బాత్రూమ్‌కు లేచి తూలిపడి తుంటి విరగ్గొట్టుకుంటారు. ఇది చదివి ఎవరూ రేపటి నుంచి ఆ మాత్ర ఆపేయొద్దు. ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం, డాక్టర్ చూస్తూ కొంచెం కొంచెం తగ్గించాలి.

దీనికి ఎదురు తప్పు ఇంకోటి జరుగుతోంది. డిప్రెషన్‌కు డాక్టర్ ఎసిటాలోప్రామ్ లాంటి మందు రాస్తారు. అది పనిచేయడం మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో కొందరికి వికారం, కాస్త టెన్షన్ కూడా ఉంటాయి. మనవాళ్లు పది మాత్రలు కొంటారు, ఐదు మింగి "నాకు పడలేదు" అని మిగతావి తెచ్చి వాపసు అడుగుతారు. ఇంకొందరు రెండు నెలలకు బాగైందని సొంతంగా ఆపేసి మళ్లీ మొదటికొస్తారు. నిద్రమాత్ర ఏళ్లు వాడతారు, అసలు మందు ఐదు రోజులు వాడతారు. ఏ మందు ఎన్నాళ్లు వాడాలో కౌంటర్ దగ్గర రెండు నిమిషాలు చెప్పే ఓపిక మనకుండాలి. షాపులో రద్దీ ఉంటుంది, నాకు తెలుసు. అయినా చెప్పాలి.

బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో దేశంలో పన్నెండు రాష్ట్రాల్లో సర్వే చేశారు. డిప్రెషన్, ఆందోళన లాంటివి ఉన్నవాళ్లలో వందకు ఎనభై మందికి పైగా వైద్యం అందడం లేదని తేలింది. అది కరోనాకు ముందు మాట. కరోనా మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతా ఈ రెండు జబ్బులూ 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. అంటే ఆసుపత్రి దాకా రానివాళ్లే ఎక్కువ. వాళ్లు ముందుగా వచ్చేది మందుల షాపుకు, లేదంటే ఊళ్లో నర్సమ్మ (ఏఎన్ఎం) దగ్గరికి.

కాబట్టి కొన్ని పనులు అడుగుతున్నాను, పెద్ద ఖర్చున్నవి కావు. బీపీ, షుగర్ చూడటానికి ఇంటింటికీ వచ్చే సిబ్బంది ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. "రెండు వారాలుగా దిగులుగా, ఆశ లేనట్టుగా ఉంటోందా? ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోవడం లేదా?" డాక్టర్లు వాడే పద్ధతే ఇది, నిమిషం పట్టదు. అవునన్నవాళ్లను ఆసుపత్రికి పంపాలి. మానసిక వైద్యులు ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఉంటారో ఊళ్లో సచివాలయం గోడ మీద రాసి పెట్టాలి. శాఖా గ్రంథాలయాలు సాయంత్రం పూట తెరిచి, పెద్దవాళ్లకు కుర్చీలు, ఫ్యాన్లు ఉండేలా చూడాలి. ఇంటి పన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. రైలు రాయితీ తిరిగి ఇవ్వమని మన ఎంపీలు పార్లమెంటులో గట్టిగా అడగాలి.

ప్రభుత్వం కోసం ఆగనక్కర్లేనివీ ఉన్నాయి. నేను బల్ల మళ్లీ వేశాను. కొన్ని వారాలు ఎవరూ కూర్చోలేదు, సిగరెట్ తాగే కుర్రాళ్లు తప్ప. నేనే ఇద్దరు పెద్దాయనల ఇళ్లకు పోయి పిలిచాను. పేపరు వేయించాను. ఇప్పుడు ముగ్గురు వస్తున్నారు. పేపరు చదివే ఆయన ఇప్పుడు లేరు, రెండో వేవ్‌లో పోయారు. కళ్లు కనపడని ఆయనకు ఒక ఇంటర్ అబ్బాయి చదివి పెడుతున్నాడు. ఆయన వ్యాఖ్యలు మాత్రం మునుపటిలాగే ఉన్నాయి. ఇంటికి మందులు తెప్పించే పిల్లలకు నా మనవి: నెలకు ఒక్క మందైనా మీ నాన్న స్వయంగా వెళ్లి తెచ్చుకునేలా వదిలేయండి, ఏ షాపైనా సరే. 2020, 2021లో మీరు పలకరించలేకపోయిన ఇల్లు ఒకటి ఉంటుంది, పోయి కూర్చోండి. ఏళ్లు గడిచాక ఏం ముఖం పెట్టుకుని పోవాలని ఆలోచించొద్దు. వాళ్లు ఎదురుచూస్తూనే ఉన్నారు.

మీకొక్కటి. మీ జిల్లా పేజీలో బ్లడ్ బ్యాంకుల నంబర్లు, కరెంటు కోతలు, రైళ్ల వేళలు వేస్తారు. వాటి పక్కనే 14416 కూడా రోజూ వేయండి. టెలీమానస్ అని 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సేవ అది. ఫోన్ ఉచితం, రాత్రీ పగలూ తీస్తారు, తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పి ఆసుపత్రి వరండాలో నిలబడే ధైర్యం లేనివాళ్లు ముందు అక్కడ మాట్లాడవచ్చు. ఆత్మహత్య ఆలోచన వచ్చినవాళ్లు వెంటనే మాట్లాడాలి. కేసు పెడతారని భయపడేవాళ్లు నన్ను ఇప్పటికీ అడుగుతారు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించి వైద్యం ఇవ్వాలి, శిక్షించకూడదు. నేను మా షాపు బిల్లుల వెనక ఆ నంబరు వేయించాను. రబ్బరు స్టాంపుకు అయిన ఖర్చు చాలా తక్కువ. జిల్లాలోని తోటి షాపులవాళ్లు కూడా వేయించమని కోరుతున్నాను. స్టాంపు మీద ఏం రాయించాలో కావాలంటే మీ ఆఫీసు ద్వారా అడిగినవాళ్లకు పంపుతాను.

నా పేరు వేయవద్దని మనవి. పేరు వేస్తే షాపు తెలుస్తుంది. షాపు తెలిస్తే, ఎంత మార్చి రాసినా, పైన చెప్పిన వాళ్లెవరో ఊరు ఊహిస్తుంది.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు యజమాని,
కావలి, నెల్లూరు జిల్లా